పెత్తనపు పెంపకం – కౌమార ప్రాయం

పిల్లల నడవడికి హద్దులు పెట్టడంతో ఆగకుండా వాళ్ల ఇష్టాయిష్టాలు, కోపతాపాలు, చివరికి ఏ విషయానికి బాధపడాలో కూడా తల్లిదండ్రులే నిర్ణయించడాన్ని పెత్తనపు పెంపకం అనవచ్చు. దీని ప్రభావం పదేళ్ల నుంచి పంతొమ్మిదేళ్ల మధ్య, అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ కౌమారంగా లెక్కించే వయసులో, ఎక్కువగా బయటపడుతుంది. తెలుగువాళ్లకు ‘బొమ్మరిల్లు ఫాదర్’ అంటే చాలు, విషయం అర్థమైపోతుంది. 2006లో భాస్కర్ దర్శకత్వంలో వచ్చిన ఆ సినిమాలో ప్రకాశ్‌రాజ్ వేసిన తండ్రి కొడుకుకు ఏ లోటూ రానివ్వడు. కట్టుకునే బట్టల నుంచి కట్టుకోబోయే పిల్ల దాకా అన్నీ తనే ఎంచుతాడు. ఇంట్లో నోరెత్తని ఆ కొడుకు బయట పూర్తిగా వేరే మనిషి.

ఈ రెండు ముఖాల బతుకు ఎలా వస్తుందో అర్థం చేసుకోవడానికి పరిశోధనలు తోడ్పడతాయి. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డయానా బౌమ్‌రిండ్ 1960లలో పెంపకాన్ని మూడు రకాలుగా విడదీశారు: మాట వినాల్సిందేనని శాసించేది, కారణం చెప్పి హద్దులు పెట్టేది, ఏం చేసినా సరేనని వదిలేసేది. 1996లో పరిశోధకుడు బ్రయన్ బార్బర్ మరో ముఖ్యమైన గీత గీశారు. ‘రాత్రి ఎనిమిదికల్లా ఇంటికి రావాలి’ అనడం నడవడిపై అదుపు. ‘నీ కోసం మేం రెక్కలు ముక్కలు చేసుకుంటుంటే నీకు క్రికెట్ కావాల్సి వచ్చిందా?’ అనడం, పిల్లవాడు లొంగేదాకా రెండు రోజులు మాట్లాడకుండా ఉండడం మనసుపై అదుపు. మొదటిది లేని ఇంట్లో పిల్లలు దారి తప్పే ప్రమాదం ఎక్కువ. రెండోది మితిమీరిన ఇంట్లో దిగులు, ఆందోళన ఎక్కువ. మన ఇళ్లలో రెండింటినీ కలిపి ‘క్రమశిక్షణ’ అనేస్తాం. చిక్కంతా అక్కడే ఉంది.

మంథని ప్రాంతం ఈ విషయాన్ని దగ్గరగా చూడదగ్గ చోటు. ఇప్పటి పెద్దపల్లి జిల్లాలో గోదావరి ఒడ్డున ఉన్న ఈ ఊరు వేద పాండిత్యానికి పేరుపడింది. పి.వి. నరసింహారావు 1957 నుంచి 1977 దాకా శాసనసభలో ప్రాతినిధ్యం వహించింది ఈ నియోజకవర్గానికే. చదువంటే ఇక్కడ పాత గౌరవం. పక్కనే సింగరేణి బొగ్గుగనులు. తమ కష్టం పిల్లలకు రావద్దన్న ఆరాటం కార్మికుల ఇళ్లలోనూ రైతుల ఇళ్లలోనూ ఉంటుంది. అది తప్పేమీ కాదు. కానీ పదో తరగతి కాగానే ఎంపీసీయా బైపీసీయా అన్నది పిల్లను అడగకముందే తేలిపోతుంది. కరీంనగర్‌లోనో హైదరాబాద్‌లోనో హాస్టల్ సీటు ఖాయమవుతుంది. ఇక మిగిలేది వారానికో ఫోన్. ‘బిడ్డా, తింటున్నవా? టెస్ట్‌ల ఎన్నొచ్చినయ్?’ అని అడిగితే ‘మంచిగనే ఉన్న బాపూ’ అని జవాబు. నిద్ర పట్టడం లేదన్న మాట ఆ ఫోన్‌లో రాదు.

భావోద్వేగ నైపుణ్యం పుట్టుకతో వచ్చేది కాదు. తనకు వచ్చింది కోపమా, అవమానమా, భయమా అని గుర్తించడం, దాన్ని కాసేపు తట్టుకోవడం, ఎదుటివాళ్లకు చెప్పుకోవడం అన్నవి ఇంట్లో చేసి చూసి నేర్చుకునేవి. ‘మొగపిల్లగానివి, ఏడుస్తవేంది?’ అని గదిమితే పిల్లవాడు ఏడుపు దాచడం నేర్చుకుంటాడు తప్ప దుఃఖాన్ని తట్టుకోవడం కాదు. అదే దాపరికం అబద్ధాలుగా, ఉన్నట్టుండి విరుచుకుపడే కోపంగా, లేదా ఎవరేమన్నా తలూపే మెతకతనంగా మారవచ్చు. ఎమిలీ లోబ్, జోసెఫ్ ఆలెన్ బృందం అమెరికాలో 184 మందిని 13వ ఏట నుంచి 32వ ఏడు దాకా గమనించింది. పదమూడేళ్లప్పుడు తల్లిదండ్రులు తమ మనసుపై పెత్తనం చేస్తున్నారని చెప్పినవాళ్లు పెద్దయ్యాక సగటున తక్కువ చదివారు, వాళ్ల ప్రేమబంధాల్లోనూ ఒకరికొకరు తోడుగా నిలవడం తగ్గింది. ఆ ఫలితాలు 2020లో వెలువడ్డాయి. చదువు కోసమే చేసే పెత్తనం చదువునే కుంచించవచ్చన్నది తల్లిదండ్రులు ఆగి ఆలోచించాల్సిన మాట.

మరి నిఘా పెంచితే? స్వీడన్‌లో హోకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ 2000లో చూపింది వేరు. పిల్లల సంగతులు తల్లిదండ్రులకు తెలిసేది ఎక్కువగా ఆరా తీయడం వల్ల కాదు, పిల్లలు తామై చెప్పడం వల్ల. భయపెట్టే ఇంట్లో ముందు మూతపడేది ఆ దారే.

అయితే కారణం ఒకవైపే ఉండదు. పిల్లవాడి మొండితనం కూడా పెద్దల పట్టును బిగిస్తుంది. పైగా పెద్దల మాట వినడాన్ని మన పిల్లలు ప్రతిసారీ బలవంతంగానే భావించరు. చైనా కుటుంబాల గురించి రూత్ చావో 1994లో ఇలాంటి హెచ్చరికే చేశారు. అయినా భారత్‌తో సహా పలు దేశాల కౌమారుల్లో బార్బర్ బృందం చూసినప్పుడు మనసుపై అదుపుకూ దిగులుకూ ఉన్న లంకె కనిపించింది. పదహారో ఏడు వచ్చిన కొడుకును మిత్రుడిగా చూడమన్న నీతి మన సంప్రదాయంలోనూ ఉంది. అదే శ్లోకం అంతకుముందు పదేళ్లు దండించమంటుంది కాబట్టి సగమే తీసుకోవాలి.

చదువుల ఒత్తిడి కోర్టు దాకా కూడా వెళ్లింది. విశాఖపట్నంలో వైద్యవిద్య ప్రవేశ పరీక్ష నీట్‌కు సిద్ధమవుతున్న ఒక విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. విద్యాసంస్థలు పిల్లలను మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయవద్దని, నలుగురిలో అవమానించవద్దని చెబుతూ తల్లిదండ్రులకూ అవగాహన తరగతులు పెట్టమంది. 2022 అక్టోబరులో మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరులో తెలుగులోనూ మాట్లాడవచ్చు. పిల్లలే కాదు, పిల్లలతో ఎలా మాట్లాడాలో తోచని తల్లిదండ్రులూ దానికి ఫోన్ చేయవచ్చు.