సహాయ కార్యకర్తల మానసిక సంరక్షణ (గోదావరి డెల్టా)

వరదలోనో తుఫానులోనో పడవ ప్రమాదంలోనో ఇతరులను ఆదుకునేవాళ్ల మనసు దెబ్బతినకుండా, తిన్నా తేరుకునేలా చూసే ఏర్పాట్లను సహాయ కార్యకర్తల మానసిక సంరక్షణ అంటారు. మారుమూల ఏజెన్సీ కొలువుల్లో పనిచేసే వైద్య, రెవెన్యూ సిబ్బందికీ ఇది వర్తిస్తుంది. గోదావరి జిల్లాల్లో ఈ పనికి పేరు కొత్తది గానీ అవసరం పాతది. దీని చరిత్ర చాలావరకు సెలవు చరిత్ర. ఎవరికి సెలవు దొరికింది, ఎవరు అడగడానికి సిగ్గుపడ్డారు అన్నదే ఇందులో అసలు కథ.

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలైంది. ఆ మరుసటి ఏడే దాన్ని కట్టిస్తున్న ఇంజనీరు ఆర్థర్ కాటన్ ఆరోగ్యం చెడి, పనిని కెప్టెన్ ఓర్‌కు అప్పగించి ఆస్ట్రేలియా వెళ్లాడు. తిరిగొచ్చింది 1850లో. దొరకు జబ్బు చేస్తే ఓడెక్కించి పంపే పద్ధతి ఈస్టిండియా కంపెనీ కాలానికే ఉంది. మిషనరీలదీ ఇదే దారి. ఉత్తర జర్మనీ లూథరన్ మిషన్ రాజమహేంద్రవరంలో అడుగుపెట్టిన 1845లోనే అమెరికన్ మిషనరీలు కొడైకెనాల్ కొండ మీద తమ తొలి బంగళాలు కట్టుకున్నారు. దక్షిణాది ఎండలో నలిగినవాళ్లకు ఆ కొండ వేసవి విడిది అయింది. కొన్నేళ్లకోసారి స్వదేశానికి దీర్ఘకాల సెలవు కూడా ఉండేది. దానికి మానసిక సంరక్షణ అని ఎవరూ పేరు పెట్టలేదు. అయినా చేసిన పని మాత్రం అదే. ఆనకట్టకు రాయి మోసిన కూలీకి ఓడా లేదు, కొండా లేదు.

డెల్టా తనకు తాను గీసుకున్న సేవకుల బొమ్మ వేరు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) వేళాపాళా చూడకుండా బాటసారులకు, వరద బాధితులకు వండి వడ్డించింది. ఆమె గురించి ఇప్పటికీ చెప్పుకునే కథ ఒకటుంది. ఎన్నాళ్లకో వీలు చిక్కి అంతర్వేది స్వామి దర్శనానికి బయల్దేరిందట. దారిలో, ఆకలితో నకనకలాడుతూ తన ఇంటికే వస్తున్నవాళ్ల మాటలు చెవినపడ్డాయట. అక్కడికక్కడే వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్లిందట. కోనసీమలో పుట్టిన ప్రతి పిల్లా పిల్లవాడూ విన్న కథ ఇది. గొప్పదే. కానీ జీవితంలో తీసుకున్న ఒక్క సెలవునూ మధ్యలో వదులుకోవడమే అందులో పుణ్యం. అలసిపోయానని చెప్పుకోవడం ఈ నేలమీద ఎందుకు కష్టమో ఆ కథలోనే తెలుస్తుంది.

ఇరవయ్యో శతాబ్దపు పెద్ద తుఫానుల్లో లెక్క బాధితులదే. 1977 నవంబరు 19న పొరుగున దివిసీమను ఉప్పెన ముంచి, అధికారిక లెక్కల్లోనే పదివేల మంది దాకా చనిపోయారు. శవాలు ఏరి దహనం చేసినవాళ్లలో ఊరివాళ్లు, స్వచ్ఛంద కార్యకర్తలు, విద్యార్థులు ఉన్నారు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుఫాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి మత్స్యకార గ్రామాలు చిన్నాభిన్నమయ్యాయి. కోనసీమలో కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. అప్పట్లో శవం మోసినవాడికి దొరికే ఉపశమనం తలస్నానం, వేపాకు, పనికి ముందో తర్వాతో కాస్త మందు. తలస్నానం మైల పోవడానికే అయినా, ఆ పని ఇక ముగిసిందని ఒంటికి చెప్పే గుర్తుగా అది పనికొచ్చేది. మందు సంగతి అలా కాదు. అది ఆ రాత్రితో ఆగేది కాదు.

ఈలోగా ప్రపంచంలో ఈ విషయం మీద వాదాలు నడిచాయి. 1983లో అమెరికాలో జెఫ్రీ మిచెల్ అనే మాజీ అంబులెన్స్ కార్యకర్త, ఘోరం చూసినవాళ్లను వెంటనే కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పించే పద్ధతి ప్రవేశపెట్టాడు. అది అగ్నిమాపక దళాల నుంచి సహాయ సంస్థలకూ పాకింది. 2002లో, అప్పటిదాకా జరిగిన పరిశోధనలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష దాని మీద నీళ్లు చల్లింది. ఒక్క విడతలో అలా తోడించడం వల్ల మేలు కనపడలేదని, కొందరికి కీడే జరగొచ్చని తేల్చింది. గుచ్చి గుచ్చి అడగకపోవడం, అన్నం, నిద్ర, తోడు చూడటం, అవసరమైతే వైద్యుడికి చేర్చడం అనే మానసిక ప్రథమ చికిత్స ఆ స్థానంలోకి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, మరికొన్ని సంస్థలు కలిసి 2011లో దీనిపై కరదీపిక వెలువరించాయి. ఐక్యరాజ్యసమితి కొలువుల్లో కష్టాన్ని బట్టి ఊళ్లకు ఎ నుంచి ఇ దాకా శ్రేణులు, విశ్రాంతి సెలవులు అప్పటికే అమల్లో ఉన్నాయి. మన దేశంలో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్, భోపాల్ విషవాయువు దుర్ఘటన (1984) నుంచి ఒడిశా తుఫాను (1999), సునామీ (2004) దాకా ఈ అనుభవం కూడగట్టి, ఊరి కార్యకర్తలకు పుస్తకాలు, శిక్షణ రూపొందించింది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009 డిసెంబరులో తెచ్చిన మార్గదర్శకాల్లో బాధితులతోపాటు సహాయకుల బాగోగుల ప్రస్తావనా చేరింది.

కాగితం మీదికి వచ్చింది రేవుకు చేరడం ఆలస్యమే. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగినప్పుడు, కట్టుబట్టలతో నది ఒడ్డున నిలబడి పేర్లు పిలిచే బంధువులకూ నీళ్లకూ మధ్య ఉన్నది జాతీయ విపత్తు స్పందన దళం (ఎన్డీఆర్ఎఫ్) జవాన్లు, స్థానిక జాలర్లు. బోటును కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న పైకి తెచ్చింది. అప్పటికి ఐదు వారాలు దాటింది, బోటులో ఇంకా మృతదేహాలున్నాయి. ఇనుప తాడు బిగుసుకునే చప్పుడుకు ఒడ్డునున్నవాళ్లంతా చూపు నీళ్ల మీదికి తిప్పుతారు. తాడు పట్టుకున్నవాళ్లకు చూపు తిప్పుకునే వీలుండదు. దళంలో ఉన్న జవానుకు కనీసం బారకాసు, తోటివాళ్లు, వైద్యాధికారి ఉంటారు. రోజు కూలికి వచ్చిన జాలరి పని అయ్యాక సాయంత్రానికి ఇంటికెళ్లి ఒంటరిగా పడుకోవాలి. ప్రభుత్వ లెక్కల్లో అతను సహాయ కార్యకర్త కూడా కాదు.

ఇక్కడ మాట కూడా అడ్డొస్తుంది. తెలుగునాట ‘కౌన్సెలింగ్’ అంటే చాలామందికి తెలిసింది రెండు. ఇంజనీరింగ్ సీట్ల కౌన్సెలింగ్ ఒకటి, స్టేషన్‌కు పిలిచి రౌడీషీటర్లకు పోలీసులిచ్చే కౌన్సెలింగ్ రెండోది. వరద డ్యూటీ చేసిన ఏఎన్ఎంను “కౌన్సెలింగ్‌కు వెళ్లండి” అంటే, తానేం తప్పు చేశానని ఆమె అడగడంలో వింత లేదు. అదే మనిషి “నిద్ర పట్టట్లేదండీ” అనో, “గుండె దడగా ఉంటోంది” అనో డాక్టరుతో చెప్పడానికి వెనుకాడదు. బాధ ఒంటి భాషలో వస్తుంది. దాన్ని ఆ భాషలోనే అందుకోవడం తెలిసినవాళ్లే పనికొస్తారు.

ఏజెన్సీ కొలువుల సంగతి మరీ విచిత్రం. రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు పేర్లు బెదిరింపులుగా వాడినవే: “ఏజెన్సీకి బదిలీ చేయిస్తా.” కష్టమైన చోటికి శిక్షగా పంపితే, అక్కడ కుంగిపోతున్నానని చెప్పడం శిక్షకు ఓడిపోయినట్టు అవుతుంది. మలేరియా, ఫోన్ అందని లోయలు, గెడ్డలు పొంగితే తెగిపోయే దారులు ఎటూ ఉన్నవే.

2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టు నాటి 75.6 అడుగుల తర్వాత అంత ఎత్తు ఎప్పుడూ లేదు. కూనవరం, వరరామచంద్రాపురం మండలాలు మునిగాయి, కిందకు కోనసీమ లంకలూ మునిగాయి. ఆ రోజుల్లో పడవలెక్కి మందులు పంచిన ఆశా కార్యకర్తలు ఆ మునిగిన ఊళ్లవాళ్లే. బయటి సహాయకుడికి తిరిగి వెళ్లడానికి ఒక పొడి ఇల్లు ఉంటుంది. ఆశా కార్యకర్తకు డ్యూటీ ముగిశాక ఎత్తిపోయాల్సిన బురద తన ఇంట్లోదే. ఆ ఏడాదే అక్టోబరు 10న కేంద్రం టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ ప్రారంభించింది. 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ, పైసా ఖర్చు లేకుండా మాట్లాడొచ్చు.