లేచిన బేరం

ధర్మవరం పట్టు అంగళ్లలో బేరం కుదరక లేచినవాళ్లను ఊరికే పోనివ్వరు. పరుపు మీద విప్పిన చీరలు గుట్టగా పడి ఉంటాయి. కొనడానికి వచ్చినామె చెప్పుల్లో కాలు పెట్టగానే పిలుపు వస్తుంది: ‘ఉండక్కా, నువ్వే ఒక మాట చెప్పు!’ పొద్దున్నే అయితే పట్టుదల మరీ ఎక్కువ, బోణీ బేరం కదా.

2022 దాకా ఈ ఊరు అనంతపురం జిల్లాలోదే. వానను నమ్ముకోలేని ఆ సీమలో ఎన్నో ఇళ్లకు మగ్గమే అన్నం పెట్టింది. పెద్దంచు, జరీ కొంగు చీర నేయడానికి రోజులు పడతాయి. అది అమ్ముడుపోకపోతే పట్టుకూ జరీకీ పెట్టిన డబ్బంతా బీరువాలోనే ఇరుక్కుపోతుంది. ఆ పిలుపులోని ఆరాటం అక్కడిదే.

ఆన్‌లైన్‌లో కూడా బేరాలు ఇలాగే లేచిపోతాయి: సరుకులు వేసుకున్న బుట్టల్లో సగటున 70 శాతం కొనకుండానే వదిలేసినవని అధ్యయనాలు చెబుతాయి. ముందే డబ్బు కట్టడానికి జంకేవాళ్ల కోసం ఫ్లిప్‌కార్ట్ 2010లో, సరుకు చేతికొచ్చాకే చెల్లించే పద్ధతి తెచ్చింది. నిజంగా పనికొచ్చిన ఆలోచన అది. గుర్తుచేసే సందేశాలకూ కూపన్లకూ అంత బలం లేదు. ఆమె లేచింది ధర చూసా, రంగు నచ్చకా అన్నది వాటికి సరిగా తెలియదు.

అంగడాయనకు ఆ సంగతి ముఖం చూస్తేనే తెలిసిపోతుంది. రంగు నచ్చలేదనిపిస్తే ధర ఊసెత్తడు, అదే అంచుతో ఇంకో రంగు తీస్తాడు. కరోనా తర్వాత ఆ పని వాట్సాప్ వీడియో కాల్‌లోకీ చేరింది.