పలుకునకు పోషకు డెవడు?



నేడు మైపాడు, కృష్ణపట్నము మొదలగు మన రేవులలో వల లాగువారి చెంతనే సెల్లుఫోనుతో బొమ్మలు తీయు యువకులును కానవచ్చుచున్నారు. చేపల వేటను, పులుసు వండు విధమును, తుపాను వార్తను వారు యూట్యూబున నుంచుదురు, లోకమెల్ల చూచును. చూచువారు సాధారణముగా వెల యీయరు. నడుమ చూపబడు ప్రకటనలకు వర్తకులు సొమ్మిత్తురు. అందు నూటికి 55 పాళ్లు బొమ్మ తీసినవానికి, తక్కినది ఆ సంస్థకు చెందుట పెద్ద చిత్రముల విషయమున వాడుక. కావున వర్తకుడు సమ్మతింపని చిత్రమునకు ఈ సొమ్ము రాదు. ఇది క్రొత్త అన్యాయమని యువకులు వగచుచున్నారు. యంత్రము క్రొత్తదే గాని చిక్కు పాతది. దాని చరిత్ర కొంత మన నెల్లూరి సీమయందే కలదు.

13వ శతాబ్దమున నెల్లూరేలిన మనుమసిద్ధి కొలువున తిక్కన సోమయాజి మంత్రిగను కవిగను వెలసెను. ఆయన తన నిర్వచనోత్తర రామాయణమును రాజున కంకితము చేసెను. భారతమును మాత్రము హరిహరనాథునకు సమర్పించెను. దీనికి మూలము భక్తియే, సందేహము లేదు. ఐనను అందొక లోకనీతియు గోచరించును. రాజు పెట్టిన కూడు తినుట తప్పుగాదు. ఇచ్చినవానికి కృతి నిచ్చుటయు తప్పుగాదు. కాని యావజ్జీవకృషిని ఒక్క పోషకుని గడపకే కట్టివేయ నక్కరలేదు.

అచ్చుయంత్రము వచ్చిన పిదప రాజుల స్థానమున చందాదారులు నిలిచిరి. 1885లో పూండ్ల రామకృష్ణయ్యగారు నెల్లూరినుండి అముద్రిత గ్రంథ చింతామణి యను మాసపత్రికను వెలువరింప నారంభించి, తాటాకులలో నణగియున్న గ్రంథములను వెలుగులోనికి దెచ్చిరి. 1930లో నెల్లూరు వెంకటరామానాయుడుగారు జమీన్ రైతు పత్రికను స్థాపించిరి. జమీందారీ రైతుల కష్టములను చెప్పుటకై పుట్టిన యా పత్రిక జమీందారుల దయను గోరి బ్రదుకుట యెట్లు? ఎవరి పక్షమున పలుకదలచితిమో వారినే ఆధారము చేసికొనవలసి యుండును.

మఱియొక మార్గమును కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు చూపిరి. వారు 1893లో బొంబాయియందు అమృతాంజనమును స్థాపించి, ఆ సంపాదనము అండగా 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా నెలకొల్పిరి. 1914లో అది మదరాసున దినపత్రికయై జాతీయోద్యమమునకు బలమయ్యెను. అచట మందు నమ్మినవాడును, పత్రిక నడపినవాడును ఒక్కడే. వర్తకునకు దేశభక్తి యున్నంతకాలము పలుకునకు కొఱత లేదు. కాని అట్టి వర్తకులు ఎందఱు? ఎల్ల పత్రికలకు నట్టి యదృష్టము పట్టదు. ఈ ఆకాశవాణియందు సైతము 1967లో వివిధ భారతి ద్వారమున వ్యాపార ప్రకటనలు ప్రవేశించినవి.

ఇక యూట్యూబు కథ. 2005లో పుట్టిన యా సంస్థ 2007నుండి చిత్రకర్తలకు ప్రకటనల సొమ్మున పాలు పంచుచున్నది. 2017లో, హింసను బోధించువారి చిత్రములప్రక్కన పెద్ద సంస్థల ప్రకటనలు కానవచ్చుచున్నవని లండను టైమ్సు పత్రిక బయటపెట్టెను. బ్రిటిషు ప్రభుత్వమును, అనేక వర్తక సంస్థలును తమ ప్రకటనలను నిలిపివేసిరి. అది మొదలు నియమములు బిగిసినవి. 2018లో, వేయిమంది చందాదారులును, పండ్రెండు మాసములలో 4,000 గంటల వీక్షణమును లేనివారికి ప్రకటనల పాలు లేదని నిర్ణయించిరి. ఇచట చందాదారుడనగా పేరు నమోదు చేసికొన్నవాడే గాని, పైకము కట్టినవాడు కాడు. పేరు పాతది, పోషణ లేదు!

వర్తకుని పక్షమునను న్యాయము కలదు. శిశువుల పాలడబ్బా నమ్మువాడు నరహంతకుల బోధకు సొమ్మీయ ననిన, ఎవరు తప్పుపట్టుదురు? చిక్కు ఆ నియమమును అమలుపఱచు తీరున నున్నది. లెక్కలేనన్ని చిత్రములను మనుష్యులు చూడజాలరు గనుక తొలి విచారణ యంత్రమే చేయును. బూతు, రక్తపాతము, మాదకద్రవ్యములు, వివాదాస్పద విషయములు, జననాశనము కలిగించిన విపత్తులు – ఇవి తోచినచో ప్రకటనలు తగ్గును, లేక ఆగిపోవును. చిత్రము పక్కన పసుపుపచ్చని డాలరు గుర్తు పడును. మనుష్యుడు మరల చూడవలెనని చిత్రకర్త కోరవచ్చును. కాని ఆ తీర్పు వచ్చులోపల జనులు క్రొత్తదానిని చూచు తొలిదినములు గడచిపోవచ్చును. చిత్రమును ఎవరును తీసివేయరు, నోరు మూయరు. కూడు మాత్రము పెట్టరు.

దీనివలన మన తీరమునకు కలుగు నష్టమేమి? 2004 డిసెంబరు 26వ తేదీని సునామీ మన తీరపు పల్లెలను ముంచినది. అట్టి దినమును ఉన్నదున్నట్లు చూపిన చిత్రమునకు ప్రకటన దక్కుట సందేహము. పులుసు వండిన చిత్రమునకు దక్కును. 1992లో దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. వారి పోరు రాష్ట్రమంతట వ్యాపించి 1993 అక్టోబరు 1వ తేదీనుండి సారా నిషేధమునకు దారితీసెను. ఆ స్త్రీల గాథ త్రాగుబోతు మగని దెబ్బలను చెప్పక సాగదు. గృహహింస ఆ సంస్థ వివాదాస్పద విషయముల జాబితాలో చాలకాలముండెను. నియమములు అప్పుడప్పుడు సడలును, బిగియును. కాని కడుపు నిండవలసిన యువకుడు వాని నడుమ తన్ను తాను ముందుగనే దిద్దుకొనును. రెండుమారులు సొమ్ము రానిచో మూడవమారు ఉప్పెన మాట యెత్తడు. నిషేధము లేకయే మౌనము పుట్టును. ఇదియే నేను భయపడు సంగతి.

పూర్వపు కవి రాజును ముఖాముఖిగ చూచెను. పత్రికాధిపతికి చందాదారుడు కోపించి ఉత్తరము వ్రాసెను. నేటి చిత్రకర్తకు తనతో వాదింప పోషకుని ముఖమే కానరాదు.

కావున పెద్దలకు నాదొక మనవి. పులుసు చిత్రములు తీయవలదని మన పిల్లలతో అనవలదు. అవి వారికి జీవనోపాధి. కాని ఉప్పెనను కన్నవారు, సారా పోరున నిలిచినవారు మన పల్లెలలో ఇంకను ఉన్నారు. వారి మాటలను ప్రకటనల ఆశ లేక చిత్రింపుడని పిల్లలను ప్రోత్సహింపుడు. ఆ పనికి కావలసిన కొద్ది వ్యయమును గ్రామమే చందాగా నిచ్చుగాక. వచ్చిన చిత్రమును గ్రంథాలయమునందును ఒక ప్రతిగా దాచి యుంచుడు. రాజునకు ఒక కృతి నిచ్చి, పెద్దకృతిని వేరుగ నుంచిన తిక్కన మన యూరివాడే గదా!