మరమ్మతు తరువాతి మరమ్మతు: కారు యజమాని చేతిలో పానా

ఫోర్డ్ కర్మాగారంలోని అసెంబ్లీ లైను గురించి మీరు పారిశ్రామిక చరిత్రలో చదివే ఉంటారు. అయితే ఆ కారు ఫ్యాక్టరీ గేటు దాటిన తరువాత ఏమైంది? సాంకేతిక చరిత్ర రాసినవారు చాలాకాలం ఆవిష్కర్త దగ్గర, ఉత్పత్తి దగ్గర ఆగిపోయారు. వస్తువు పాడైతే ఎవరు బాగుచేశారు, బాగుచేయబోయి ఇంకేం పాడుచేశారు అనే ప్రశ్నలు ఆలస్యంగా చరిత్రలోకి వచ్చాయి. ఈ పాఠంలో ఆ ప్రశ్నలే అడుగుదాం. కారు గురించి మీకు ఏమీ తెలియకపోయినా ఇబ్బంది లేదు, కావలసినంత ఇక్కడే చెప్పుకుందాం.

మోడల్ టి కారు 1908లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. 1927లో దాని ఉత్పత్తి ఆగేనాటికి కోటి యాభై లక్షల కార్లు తయారయ్యాయి. కొన్నవారిలో రైతులు ఎందరో ఉన్నారు. వారికి దగ్గరలో గ్యారేజీ ఉండేది కాదు, ఊళ్లో ఉంటే గింటే కమ్మరి ఉండేవాడు. కాని ఆవిరి ఇంజన్లతో, నూర్పిడి యంత్రాలతో పనిచేసిన అలవాటు ఆ రైతులకు ఉంది. కారు వెనుక చక్రాన్ని జాకీతో లేపి, బెల్టు తగిలించి, దానితో కట్టెలు కోసే రంపాన్ని నడిపినవారు కూడా ఉన్నారు. రొనాల్డ్ క్లైన్, ట్రెవర్ పించ్ అనే పరిశోధకులు 1996లో రాసిన వ్యాసంలో ఈ గ్రామీణ వాడకాన్నే ఆధారంగా తీసుకుని, యంత్రాన్ని తయారీదారుతోపాటు వాడుకదారు కూడా మలుస్తాడని వాదించారు.

కంపెనీ కూడా యజమాని స్వయంగా మరమ్మతు చేసుకుంటాడనే అనుకుంది. ఫోర్డ్ ఇచ్చిన చిన్న పుస్తకం ప్రశ్న, జవాబు పద్ధతిలో ఉండేది (మీ పాఠ్యపుస్తకాల చివర ఉండే ప్రశ్నల్లాగే అనుకోండి). ఇంజను స్టార్ట్ కాకపోతే, నడుస్తూ ఆగిపోతే, వేడెక్కితే కారణాలు ఏమై ఉండవచ్చో అందులో ఒక పట్టికగా ఇచ్చారు. మోడల్ టిలో నాలుగు సిలిండర్లకు నాలుగు కాయిళ్లు ఉండేవి. ఇంజను నడుస్తుంటే ప్రతి కాయిల్ మీద ఒక చిన్న రేకు కంపిస్తూ బుయ్యిమని శబ్దం చేసేది. ఏదో ఒక సిలిండర్ పనిచేయడం లేదని అనుమానం వస్తే, రెండు రేకులను వేళ్లతో నొక్కి పట్టుకోవాలి. అప్పుడు ఆ రెండు సిలిండర్లు ఆగి, మిగిలిన రెండే నడుస్తాయి. అవి సమంగా నడిస్తే దోషం నొక్కిపట్టిన వాటిలో ఉన్నట్టు. ఇలా ఒక్కొక్కదాన్ని తప్పిస్తూ పోతే దోషం ఎక్కడుందో దొరుకుతుంది. పరికరం అక్కరలేదు, పెద్ద చదువూ అక్కరలేదు. కావలసింది క్రమం, చెవి. నా దృష్టిలో ఆ పుస్తకంలోని అతి విలువైన విషయం ఇదే. అయితే కాయిళ్ల సర్దుబాటును మాత్రం తగిన పరికరం ఉన్న సర్వీసు కేంద్రంలోనే చేయించుకోవాలని అదే పుస్తకం సూచించింది. తెలుసుకోవడం యజమానిది, సరిచేయడం కంపెనీది అనే గీత అంత తొలిరోజుల్లోనే పడిందని గమనించండి.

గీతకు ఇవతల మిగిలిన పనులు కూడా తేలికైనవి కావు. మోడల్ టి గేరుపెట్టెలో గుడ్డ అతికిన మూడు ఇనుప పట్టీలు ఉండేవి. అవి అరిగిపోతే యజమానే మూత విప్పి మార్చేవాడు. ఆ పనిలో నట్టు ఒకటి చేజారి లోపల పడిందంటే అసలు మరమ్మతు కంటే పెద్ద మరమ్మతు మొదలయ్యేది. అందుకే అనుభవజ్ఞులు ముందుగా లోపల గుడ్డలు కుక్కి, ఆ తరువాతే నట్లు విప్పేవారు. పట్టీని మరీ బిగిస్తే, కారు న్యూట్రల్‌లో ఉన్నా ముందుకు జరగజూసేది. ముందు నిలబడి హ్యాండిల్ తిప్పుతున్న మనిషికి అది ఎంత ప్రమాదమో ఊహించుకోండి. స్టీరింగ్ దగ్గరి స్పార్క్ మీటను వెనక్కి తేకుండా హ్యాండిల్ తిప్పితే, అది ఎదురు తన్ని మణికట్టు ఎముక విరిచేది. 1912 నాటి కాడిలాక్ కార్లలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టర్ రావడంతో ఈ బెడద తగ్గడం మొదలైంది. కాని ఇంకో విద్యుత్ భాగం, దానితో ఇంకో రకం దోషాలు కూడా కారులోకి వచ్చాయి.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. ఇక్కడ సొంత మరమ్మతు పెరగడానికి కారణం వేరు. లైసెన్సుల విధానం, విదేశీ మారకద్రవ్య కొరత వల్ల కార్ల రకాలు చాలా తక్కువగా ఉండేవి. బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై 1950ల చివర వచ్చిన అంబాసిడర్, పెద్దగా రూపం మారకుండానే 2014 వరకు తయారైంది. ఒకే యంత్రం దశాబ్దాలపాటు ఉండడంతో దాని జ్ఞానం డ్రైవరు నుంచి క్లీనరుకు, మేస్త్రీ నుంచి కుర్రాడికి నోటిమాటగా చేరింది. మాన్యువల్ ఇంగ్లీషులో ఉన్నా షెడ్డులో పాఠం తెలుగులోనే నడిచేది. ఎండాకాలంలో పైపులో పెట్రోలు ఆవిరై బండి ఆగిపోతే, పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగాలని పాత డ్రైవర్లకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

ఈ కారులో సొంత మరమ్మతు ఎలా తిరగబడేదో ఒక ఉదాహరణతో చూద్దాం. స్పార్కును సమయానికి పంపే భాగం డిస్ట్రిబ్యూటర్, మెకానిక్కుల భాషలో డెల్కో. అందులోని పాయింట్లు మసిబారితే బండి స్టార్ట్ కాదు. యజమాని ఎమరీ కాగితంతో రుద్ది, పాయింట్ల మధ్య సందును కంటి అంచనాతో పెడతాడు. ఉండవలసిన సందు సుమారు 0.4 మిల్లీమీటర్లు. అంతకంటే ఎక్కువ పెడితే పాయింట్లు త్వరగా తెరుచుకుని స్పార్కు ముందే వస్తుంది. బండి స్టార్ట్ అవుతుంది, యజమాని సంతోషిస్తాడు. మరునాడు ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను టకటకమంటుంది. అతను పెట్రోలులో కల్తీ ఉందనుకుంటాడు, బంకును తిడతాడు, కార్బ్యురేటర్ విప్పుతాడు. నిన్న తాను చేసిన పని మాత్రం గుర్తుకు రాదు. మంచి మేస్త్రీ మొదట అడిగే ప్రశ్న అదే: ‘దీన్ని ఆఖరున ఎవరు విప్పారు?’

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. ఆ తరువాత రెండు దశాబ్దాల్లో కాలుష్య నిబంధనలు కఠినమై, కార్బ్యురేటర్ స్థానంలో కంప్యూటర్ అదుపులో ఇంధనం చిమ్మే పద్ధతి స్థిరపడింది. అమెరికాలో 1996 నుంచి కొత్త కార్లన్నిటికీ ఒకే రకం తనిఖీ సాకెట్ తప్పనిసరి అయింది. దానికి చిన్న పరికరం తగిలిస్తే దోషం సంకేత సంఖ్యగా కనిపిస్తుంది. రేకును వేలితో నొక్కే పరీక్షకు ఇది వారసురాలే. కాని సంఖ్య చెప్పేది లక్షణాన్ని మాత్రమే. ఎయిర్ ఫిల్టర్ మార్చినవాడు గొట్టం క్లిప్పు సరిగా బిగించకపోతే, లెక్కకు రాని గాలి లోపలికి పోయి మిశ్రమం పలచబడిందన్న సంకేతం వస్తుంది. దాన్ని చూసి ఖరీదైన సెన్సర్ కొన్నవాడు అంబాసిడర్ యజమాని చేసిన పొరపాటే చేస్తున్నాడు.

ఇక్కడ ఫోర్డ్ గీసిన గీత మళ్లీ ఎదురవుతుంది. ఈసారి తగాదా నట్ల గురించి కాదు, సమాచారం గురించి. స్వతంత్ర మెకానిక్కులకూ తనిఖీ సమాచారం ఇవ్వాలని అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 2012లో చట్టం చేసింది. మన దేశంలో కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. విడిభాగాలు, మరమ్మతు సమాచారం బయటి షెడ్లకు అందకుండా చేశాయన్నది వాటిపై ప్రధాన అభియోగం.

అభ్యాసం: మీ ఊరిలో 1990కి ముందు కారు లేదా జీపు నడిపిన ఒక డ్రైవరునుగాని, మెకానిక్కునుగాని కలవండి. బండి దారిలో ఆగిపోతే దోషాన్ని ఏ వరుసలో వెతికేవారో, ఆ పని ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడిగి, వారి మాటల్లోనే ఒక పేజీ రాయండి.