ఊళ్ళు కలుపుకున్న వరస

వరసలు కలపడం మనకి వెన్నతో పెట్టిన విద్య. రైల్లో ఎదురుగా కూర్చున్నావిణ్ణి రెండు స్టేషన్లు దాటేలోగా "పిన్నిగారూ" అనేస్తాం. ఆవిడ మరచెంబులో మంచినీళ్ళు తాగి, మన పులిహోర ఆవిడకి పెట్టి, దిగేటప్పుడు చిరునామాలు రాసుకుంటాం. మనుషులు సరే, ఊళ్ళు కూడా ఇలా వరసలు కలుపుకుంటాయంటే నమ్ముతారా? అదీ మధ్యలో ఒక మహాసముద్రాన్ని పెట్టుకుని!

జపానులో ఒసాకా అని వ్యాపారానికి పేరుపడ్డ పెద్ద నగరం ఉంది. దానికి దేశదేశాల్లో తోబుట్టువులే. 1969లో బ్రెజిల్‌లోని సావ్ పాలో, 1973లో అమెరికాలోని షికాగో, 1974లో చైనాలోని షాంఘై, 1978లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్, 1979లో రష్యాలోని లెనిన్‌గ్రాడ్, 1981లో ఇటలీలోని మిలాన్, 1989లో జర్మనీలోని హాంబర్గ్... మొదలుపెడితే పేరంటానికి పిలవాల్సిన వాళ్ళ జాబితాలా ఉంటుంది. ఇందులో లెనిన్‌గ్రాడ్ 1991లో తన పాత పేరు సెయింట్ పీటర్స్‌బర్గ్ మళ్ళీ పెట్టుకుంది.

ఇంగ్లీషువాళ్ళు ఇలాంటి ఊళ్ళని సిస్టర్ సిటీలన్నారు. వాళ్ళ మాటలో అక్కా లేదు, చెల్లెలూ లేదు. జపానువాళ్ళు మాత్రం "షిమాయ్ తోషి" అన్నారు. షిమాయ్ అని రాయడానికి రెండు అక్షరాలు వాడతారు. మొదటిదానికి అక్క అని అర్థం, రెండోదానికి చెల్లెలని. అచ్చం మన "అక్కాచెల్లెళ్ళు" లాగే! ఈ సంగతి తెలిశాక నాకు ఒసాకా మీద కాస్త అభిమానం కలిగిందని ఒప్పుకోవాలి.

ఇంతకీ వీళ్ళందరికంటే ముందు, 1957 అక్టోబరు 7న, ఒసాకా చెయ్యి కలిపింది అమెరికా పడమటి తీరంలోని శాన్ ఫ్రాన్సిస్కోతో.

ఆ తేదీ ఒక్కసారి తలుచుకోండి. అప్పటికి యుద్ధం ముగిసి పన్నెండేళ్ళు. 1945 మార్చి 13 రాత్రి అమెరికా విమానాలు ఒసాకా మీద నిప్పుల వాన కురిపించాయి. ఆ ఒక్క రాత్రి దగ్గర దగ్గర నాలుగువేల మంది పోయారు. ఇటు చూస్తే, 1942లో అమెరికా పడమటి తీరంలో ఉన్న జపాను సంతతివాళ్ళని ఆడా మగా పిల్లా పాపా అనకుండా ఇళ్ళు ఖాళీ చేయించి నిర్బంధ శిబిరాలకి తోలారు. లక్షా ఇరవైవేల మంది. అందులో మూడింట రెండు వంతులమంది అమెరికా పౌరులే! శాన్ ఫ్రాన్సిస్కోలో జపాను పేట పేటంతా తాళాలు పడ్డాయి.

అలాంటి రెండు ఊళ్ళు అక్కాచెల్లెళ్ళమనుకున్నాయి. ప్రభుత్వాలు సంధిపత్రాలు రాసుకుంటే చాలదు, మామూలు మనుషులు ఒకరి గడప ఒకరు తొక్కాలని 1956లో ఐసెన్‌హోవర్ ఒక కార్యక్రమం మొదలుపెట్టాడు. అంతకు ముందే, 1955లో, నాగసాకి నగరం అమెరికాలోని సెయింట్ పాల్ నగరంతో వరస కలిపింది. ఏ రోజునో తెలుసా? డిసెంబరు 7న. జపాను పెర్ల్ హార్బర్ మీద బాంబులు వేసిన రోజది.

తరవాత ఈ అక్కాచెల్లెళ్ళు ఏం చేశారంటారా? మన ఇళ్ళల్లో చేసేవే. రాకపోకలు, కానుకలు, పిల్లల్ని ఒకరింటికి ఒకరు పంపుకోవడం. శాన్ ఫ్రాన్సిస్కో జపాను పేటలో ఒక నడకదారికి ఒసాకా పేరే పెట్టుకున్నారు. షికాగోవాళ్ళు 1993లో తమ పార్కులోని జపాను తోటకి ఒసాకా తోట అని పేరు పెట్టారు. ఇలా అరవై ఏళ్ళు గడిచాయి.

ఇక బొమ్మ సంగతి. 2017 సెప్టెంబరు 22న శాన్ ఫ్రాన్సిస్కోలో, చైనా పేట పక్కన సెయింట్ మేరీస్ స్క్వేర్‌లో ఒక కంచు శిల్పాన్ని ఆవిష్కరించారు. ముగ్గురు ఆడపిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గట్టు మీద నిలబడ్డారు. ఒకమ్మాయి చైనా, ఒకమ్మాయి కొరియా, ఒకమ్మాయి ఫిలిప్పీన్స్. కింద నేలమీద ఒక ముసలావిడ నిలబడి వాళ్ళకేసి తలెత్తి చూస్తోంది.

ఆ ముసలావిడ కిమ్ హాక్ సన్. కొరియా స్త్రీ. యుద్ధకాలంలో జపాను సైన్యం తన సైనికుల కోసం నడిపించిన ఇళ్ళల్లో నరకం చూసిన ఆడవాళ్ళలో ఒకరు. వాళ్ళకి పెట్టిన పేరు వినండి: "కంఫర్ట్ విమెన్". సుఖం ఇచ్చే స్త్రీలట! వాళ్ళు ఎంతమందో కచ్చితమైన లెక్క లేదు. వేలనుంచి లక్షలదాకా అని చరిత్రకారులు తలో అంకె చెబుతారు. కిమ్ హాక్ సన్ 1991 ఆగస్టు 14న తన పేరు దాచుకోకుండా, ముఖం కప్పుకోకుండా పదిమందిలో నోరు విప్పింది. అప్పటికి ఆవిడకి అరవై ఏళ్ళు దాటాయి. అంటే దాదాపు యాభై ఏళ్ళు ఆ బాధని కడుపులో దాచుకుంది. ఎందుకు దాచుకుందని మనల్ని ఎవరూ అడగక్కర్లేదు. పరువు అన్న మాట ఆడవాళ్ళకి ఏ దేశంలోనైనా ఒకటే. ఆవిడ చెప్పాక, 1993లో జపాను ప్రభుత్వం తరఫున కోనో, సైన్యానికి ఇందులో పాత్ర ఉందని ఒప్పుకుని క్షమాపణ చెప్పాడు. 1997లో ఆవిడ కన్నుమూసింది.

శాన్ ఫ్రాన్సిస్కోలో ఆ శిల్పం కోసం పట్టుబట్టినవాళ్ళకి ముందు నిలబడింది ఇద్దరు విశ్రాంత న్యాయమూర్తులు, లిలియన్ సింగ్, జూలీ టాంగ్. ఇద్దరూ ఆడవాళ్ళే.

ఒసాకాకి కోపం వచ్చింది. శిల్పం దగ్గర రాసిన అంకెలు రుజువైనవి కావనీ, యుద్ధాల్లో ఆడవాళ్ళని సైన్యాలు చెరపట్టడం లోకమంతా జరిగితే జపానునొక్కదాన్నే వేలెత్తి చూపడం అన్యాయమనీ అక్కడి మేయరు యోషిమురా వాదన. 2018 అక్టోబరు 2న శాన్ ఫ్రాన్సిస్కో మేయరు లండన్ బ్రీడ్‌కి పది పేజీల ఉత్తరం రాసి, అరవై ఒక్క ఏళ్ళ వరసని తెంచేశాడు. ప్రజల మధ్య ఉన్న బంధం ఒక మేయరు ఉత్తరంతో తెగిపోయేది కాదని బ్రీడ్ బదులు చెప్పింది. బ్రీడ్ కూడా ఆడమనిషే.

నేను దీన్ని గురించి చాలాసార్లు ఆలోచించాను. బాంబులు ఓర్చుకున్న వరస, శిబిరాలు ఓర్చుకున్న వరస, నలుగురు ఆడవాళ్ళ బొమ్మని ఎందుకు ఓర్చుకోలేకపోయింది? నాకు తోచిందేమిటంటే, 1957లో వాళ్ళు జరిగింది మాట్లాడుకుని కలవలేదు. మాట్లాడకుండా కలిశారు. అప్పటికి అదే సుఖం, అదే అవసరం కూడా. కాని మూత పెట్టిన గిన్నెలోది ఎప్పటికో అప్పటికి పొంగుతుంది.

యోషిమురా మాటలో కొంత న్యాయం లేకపోలేదు. వేలెత్తి చూపేవాళ్ళు తమ లెక్క కూడా చెప్పాలి. అయితే అమెరికా ఒక లెక్క చెప్పింది. 1988లో ఆ శిబిరాల్లో పెట్టినవాళ్ళలో బతికున్నవాళ్ళకి చట్టం చేసి మరీ క్షమాపణ చెప్పి, మనిషికి ఇరవైవేల డాలర్లు ఇచ్చింది. పోయిన ఏళ్ళు తిరిగి రావనుకోండి. కాని తప్పు ఒప్పుకున్నందుకు ఆ దేశం చిన్నబోలేదు.

మా అమ్మకీ పెద్దమ్మకీ మా అమ్మమ్మగారి కాసులపేరు దగ్గర మాటొచ్చి పదకొండేళ్ళు మాటల్లేవు. మాటల్లేవు గాని, ఏటా వేసవిలో పెద్దమ్మ ఆవకాయ జాడీ మావయ్య చేత మా ఇంటికి వచ్చేది, మా అమ్మ మాగాయ జాడీ అటు వెళ్ళేది. ఇదేం వింతని నేను అడిగితే, "మాట మానేస్తే పుండు మానుతుందటే?" అని అమ్మ కసిరింది. ఒసాకా, శాన్ ఫ్రాన్సిస్కోల మధ్య ఒకరింట ఒకరు తిని పడుకుని వచ్చిన పిల్లలు ఇప్పుడు తాతలూ అమ్మమ్మలూ అయుంటారు. ఆ పది పేజీల ఉత్తరం వాళ్ళని ఉద్దేశించి రాసింది కాదు.

పన్నెండో ఏట పెద్దమ్మ తనే మా ఇంటికొచ్చింది. అమ్మ ఏమీ జరగనట్టే కాఫీ కలిపి తెచ్చింది. పెద్దమ్మ గ్లాసు ముట్టుకోలేదు. "ముందు ఆ కాసులపేరు సంగతి మాట్లాడుకుందాం, తరవాత తాగుతాను" అంది. ఇద్దరూ గంటసేపు అరుచుకున్నారు, ఏడ్చుకున్నారు. కాఫీ చల్లారిపోయింది. నేను లోపలికెళ్ళి మళ్ళీ కలిపి తెచ్చాను.