జీపు పెట్రోలు నుంచి ఏస్ పెట్రోలు దాకా

1981 వేసవిలో నూజివీడు మామిడికాయల వాసన కొడుతూ ఒక జీపు బెజవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకొచ్చింది. నేను పనిలో చేరి అప్పటికి రెండేళ్లు. వెనక బాడీ కోసేసి, చెక్క పలకలు బిగించి సరుకు బండిగా మార్చిన పాత జీపు అది. ఆసామి తోటల నుంచి మార్కెట్‌కు కాయ తోలేవాడు. లోడు మీద లీటరు పెట్రోలుకు ఆరు కిలోమీటర్లు కూడా రావట్లేదని ఆయన బాధ. "మేస్త్రీ, కిరాయి మొత్తం బంకుకే కట్టేస్తున్నాను. డీజిలు ఇంజిన్ ఎక్కించు" అన్నాడు.

ఎక్కించడమంటే మాటలు కాదు. పెట్రోలు ఇంజిన్‌ను చెయిన్ కప్పీతో దించాం. దాని చోట కూర్చోవాల్సిన సెకండ్ హ్యాండ్ డీజిలు ఇంజిన్ బాగా బరువు. ఛాసిస్‌కు కొత్త మౌంటింగులు వెల్డింగ్ చేశాం. ముందు కమాన్లకు ఒక్కో పట్టీ అదనంగా వేశాం. బ్యాటరీ మార్చాం, సెల్ఫ్ మోటారు మార్చాం. గేర్‌బాక్సుకూ ఇంజిన్‌కూ మధ్య పెట్టడానికి లేతు మీద ఒక ప్లేటు చేయించాం. పదకొండు రోజులు పట్టింది. చివరి రోజు తెల్లవారుజామున డీజిలు పంపులోంచి గాలి తీసే పని నాకు అప్పగించారు. పంపు మీది స్క్రూ వదులు చేసి, చేతి ప్రైమర్ కొడుతూ కూర్చున్నాను. ముందు నురగ, తరువాత బుడగలు, ఆ తరువాత ఒక్క బుడగ కూడా లేని డీజిలు ధారగా వచ్చింది. స్క్రూ బిగించాను. మేస్త్రి సెల్ఫ్ కొట్టారు. షెడ్డు రేకులు అదిరాయి. ఆసామి ఇంజిన్ మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాడు.

ఆ బండి లీటరుకు పదకొండు ఇచ్చింది. ఆర్సీలో ఇంధనం మార్పించుకోవడానికి ఆయన రవాణా ఆఫీసు చుట్టూ తిరిగిన రోజులు మాత్రం మా పదకొండు రోజుల కంటే ఎక్కువే.

అసలు మన చిన్న సరుకు బళ్లు పెట్రోలుతోనే మొదలయ్యాయి. మహీంద్రావాళ్లు 1947లో బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టినప్పుడు వాటి ఇంజిన్ 2.2 లీటర్ల పెట్రోలు. పెద్ద లారీల దారి వేరు. 1954లో టాటాల టెల్కో, జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టాక లారీ అంటే డీజిలే అయింది. చిన్న బండికి డీజిలు రాకపోవడానికి కారణం ఇంజిన్ పనితీరులోనే ఉంది. డీజిలుకు స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని ఇరవయ్యో వంతుకు దగ్గరగా నొక్కితే పుట్టే వేడికే మంట అంటుకోవాలి. జీపు పెట్రోలు ఇంజిన్‌లో ఆ నొక్కుడు ఏడో వంతుకు అటూ ఇటూనే. డీజిలు ఒత్తిడి తట్టుకోవాలంటే బ్లాకు, క్రాంకు, పిస్టను అన్నీ దిట్టంగా ఉండాలి. బరువూ పెరుగుతుంది, ధరా పెరుగుతుంది.

పైగా పంపు ఒకటి. బెంగుళూరు మైకో కంపెనీ పంపులు మా షెడ్డులో దేవుడి పటంతో సమానం. లోపలి ప్లంజరుకూ దాని గొట్టానికీ మధ్య వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు సందు. ఆ సందుకు జిడ్డు డీజిలే ఇవ్వాలి. రేషన్ కిరోసిన్ కలిపిన డీజిలులో ఆ జిడ్డు చాలదు. ఫిల్టరు విప్పి గ్లాసులో పోసి వెలుగుకు పెడితే ఆ కిరోసిన్ నీలి ఛాయ కనిపించేది. ఆ నీలం కనిపించిందంటే నాలుగు నెలల్లో పంపు పోతుందని ఓనరుకు చెప్పేసేవాళ్లం. కల్తీ చేసింది ఎవరో, పంపు ఖర్చు పడేది ఎవరికో! అలా అరిగిపోయిన ప్లంజర్లు డబ్బాల కొద్దీ చూశాను. ఇప్పటికీ కోపమే వస్తుంది.

1973 చివర్లో అరబ్ దేశాలు చమురు బిగబట్టాక పెట్రోలు రేటు జీపువాళ్ల నడ్డి విరిచింది. లారీలు, బస్సులు, పొలాల్లో పంపుసెట్లు తిరగాలి కాబట్టి ప్రభుత్వం డీజిలు ధరను కింద పట్టి ఉంచింది. అక్కణ్నుంచి మా చేతుల మీదుగా జరిగిన ప్రతి మార్పు వెనకా బంకు బోర్డు ఉంది. 1980ల్లో మహీంద్రా జీపులకు 2,112 సీసీ పెజో డీజిలు కంపెనీలోనే బిగించి వచ్చింది. ఎక్స్‌డీపీ అనేవాళ్లం. అది రావడంతో మా ఇంజిన్ మార్పిడి పని క్రమంగా సన్నగిల్లింది.

అదే దశకంలో జపాన్ కంపెనీల పొత్తుతో నాలుగు దిగాయి: డీసీఎం టయోటా, ఐషర్ మిత్సుబిషి, స్వరాజ్ మజ్దా, మన జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్. హైదరాబాద్ ఆల్విన్ ప్రభుత్వ సంస్థ. దాని లారీ ఫ్యాక్టరీని 1989లో మహీంద్రా తీసుకుంది. డీసీఎం టయోటా పేరు ఎప్పుడో పోయినా, ఏ కంపెనీ మధ్యరకం లారీని చూసినా మనవాళ్లు ఇప్పటికీ డీసీఎం అనే అంటారు. ఆ నాలుగూ తెచ్చింది డీజిలు బళ్లే. 1988 టాటామొబైల్ పికప్పూ డీజిలే. పెట్రోలు సరుకు బండి అడిగేవాడే లేకుండా పోయాడు.

2005లో టాటా ఏస్ వచ్చింది. ఇండికా కారు డీజిలు ఇంజిన్‌లో సరిగ్గా సగం: రెండు సిలిండర్లు, 702 సీసీ, 16 హార్స్ పవర్, ముప్పావు టన్ను లోడు. మొదటిసారి హెడ్ విప్పినప్పుడు ఇంత చిన్న డీజిలు ఇంత శుభ్రంగా చేశారా అని చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. మూడు చక్రాల ఆటో తోలినవాళ్లు నాలుగు చక్రాలకు ఎక్కింది దానితోనే.

2010 జూన్‌లో పెట్రోలు ధరను ప్రభుత్వం వదిలేసింది, డీజిలును పట్టి ఉంచింది. 2012లో రెంటికీ తేడా లీటరుకు 30 రూపాయలు దాటింది. ఆ రోజుల్లో పెట్రోలు ట్రాలీ కొనమని నేనే ఎవరికీ చెప్పలేదు. తరువాత డీజిలును నెలకు కొన్ని పైసల చొప్పున పెంచుతూ వచ్చి, 2014 అక్టోబరులో దాన్నీ వదిలేశారు. 2020 జూన్‌లో ఢిల్లీలో డీజిలు ధర పెట్రోలును దాటింది. నా వృత్తి జీవితంలో అలాంటిది చూస్తాననుకోలేదు.

ఆ ఏడాదే ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 కాలుష్య నిబంధనలు. డీజిలు పొగను శుభ్రం చేసే సామగ్రి ఖరీదు చిన్న బండికి మోయలేని భారం. 2016లో 793 సీసీ డీజిలుతో వచ్చిన మారుతి సూపర్ క్యారీ, 2020 నుంచి పెట్రోలు, సీఎన్‌జీల్లోనే దొరుకుతోంది. ఏస్‌కు కూడా 694 సీసీ పెట్రోలు ఇంజిన్ వచ్చింది, 30 హార్స్ పవర్‌తో. నలభై ఏళ్ల కిందట మేం చెయిన్ కప్పీతో దించినది, మళ్లీ కంపెనీ నుంచే ఎక్కి వచ్చింది.

పోయినేడు ఒక కుర్రాడు తన బీఎస్6 డీజిలు పికప్పు తోయించుకుంటూ తెచ్చాడు. కూరగాయలు వేసుకుని రోజుకు ఎనిమిది కిలోమీటర్లు, వీధి వీధినా ఆగుతూ తిరుగుతాడు. సైలెన్సరులో మసిని పట్టే ఫిల్టరు నిండిపోయింది. బండి వేడెక్కి కాసేపు ఒకే వేగంలో పరిగెత్తితేనే ఆ మసి కాలిపోతుంది. వీధుల్లో ఆ అవకాశం ఏదీ? "మా నాన్న డీజిలే తోలాడు బాబాయ్, అందుకే కొన్నా" అన్నాడు. వాళ్ల నాన్న లెక్క ఆ రోజులకు సరైనదే.

అతనికి కాగితం మీద వేసి చూపించిన లెక్క ఇది. పెట్రోలు 110 రూపాయలు, బండి లీటరుకు 15 ఇస్తుందనుకోండి. డీజిలు 97 రూపాయలు, 20 ఇస్తుంది. కిలోమీటరుకు దాదాపు రెండున్నర రూపాయలు మిగులు. డీజిలు బండి లక్ష ఎక్కువైతే, ఆ లక్ష తిరిగి రావడానికి 40,000 కిలోమీటర్లు తిరగాలి. నెలకు 1,000 తిరిగేవాడికి మూడేళ్ల పైమాట, 2,500 తిరిగేవాడికి పదహారు నెలలు. వాయిదాల వడ్డీ, పంపు, నాజిళ్ల రిపేరు ఇందులో కలపలేదు.

ఊరూరికీ లోడు తోలేవాళ్లు, ఘాట్ ఎక్కేవాళ్లు ఈ రోజుకీ డీజిలే కొనండి. ఊళ్లోనే తిరుగుతూ నెలకు 1,000 కిలోమీటర్లు దాటనివాళ్లు పెట్రోలు తీసుకోండి, బంకు దగ్గరలో ఉంటే సీఎన్‌జీ. షోరూముకు వెళ్లేముందు మూడు నెలల ట్రిప్పుల పుస్తకం వెంట పట్టుకెళ్లండి.