తడిసిన రిమ్ము - ఆగని సైకిలు

జనవరి నెల. తెల్లవారుజామున ఐదుంపావు. జంషెడ్‌పూర్‌ను ఆనుకొని, ఖర్కాయి నదికి ఆవలి ఒడ్డున ఉన్న ఆదిత్యపూర్‌లో మీరు సైకిలెక్కారనుకోండి. ఆరు గంటల షిఫ్టుకు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉండాలి. ఆ నెలలో అక్కడ సూర్యుడు కనిపించేసరికి దాదాపు ఆరున్నర అవుతుంది. చలి పది డిగ్రీలకు అటూ ఇటూ. రాత్రంతా ఆరుబయట నిలిపిన సైకిలు మీద మంచు కురిసి సీటు, హ్యాండిలు, రిమ్ములు తడిసి ఉన్నాయి. సీటునైతే తుడుచుకున్నారు. రిమ్ములను ఎవరు తుడుస్తారు?

చోటా నాగపూర్ పీఠభూమి కాబట్టి రోడ్డు అక్కడక్కడ పల్లంగా దిగుతుంది. పొగమంచులోంచి ఆగి ఉన్న లారీ వెనక భాగం ఒక్కసారిగా ముందుకొచ్చినట్లు కనిపిస్తుంది. మీరు బ్రేకు నొక్కుతారు. చలికి కొంకర్లు పోయిన వేళ్ళు నొక్కగలిగినంత గట్టిగానే నొక్కుతారు. సైకిలు మాత్రం ఏమీ జరగనట్లే ముందుకు పోతూ ఉంటుంది.

ఇది మీ చేతకానితనం కాదు. ఆ సైకిలు బ్రేకు ఎండలో పనిచేయడానికి పుట్టింది. సామాన్యుడి సైకిలుకు తడిలో కూడా నమ్మదగిన బ్రేకు రావడానికి దాదాపు నూరేళ్ళు పట్టింది. అంత ఆలస్యం ఎందుకైందో చూద్దాం.

ముందు కొంచెం లెక్క. మీరు, సైకిలు, క్యారియర్ మీది టిఫిను డబ్బా అన్నీ కలిపి 85 కిలోలు అనుకుందాం. వేగం గంటకు 18 కిలోమీటర్లు, అంటే సెకనుకు 5 మీటర్లు. ద్రవ్యరాశిని వేగం వర్గంతో గుణించి సగం చేస్తే గతిశక్తి వస్తుంది. అది సుమారు 1060 జౌళ్ళు. సైకిలు ఆగాలంటే ఈ శక్తినంతా ఎక్కడో ఒకచోట వేడిగా మార్చాలి. పొడి రోడ్డు మీద, పొడి రిమ్ము మీద మామూలు బ్రేకు సెకనుకు సెకనుకు 3 మీటర్ల ఋణత్వరణం ఇచ్చిందనుకుంటే సైకిలు 4 మీటర్లు దాటగానే ఆగుతుంది. మరి రిమ్ము తడిస్తే?

అమెరికాలోని ఎం.ఐ.టి.లో 1970ల ఆరంభంలో ఇదే పరీక్షించారు. అక్కడి ఆచార్యుడు డేవిడ్ గోర్డన్ విల్సన్, ఫ్రాంక్ విట్‌తో కలిసి రాసిన 'బైసికిలింగ్ సైన్స్' అనే గ్రంథంలో ఆ ఫలితాలు ఉన్నాయి. క్రోమియం పూత పూసిన ఉక్కు రిమ్ము తడిసినప్పుడు బ్రేకు రబ్బరుకూ దానికీ మధ్య ఘర్షణ గుణకం పదోవంతు కంటే తక్కువకు పడిపోయింది. అంతటితో అయిపోలేదు. బ్రేకును పూర్తి బలంతో నొక్కి ఉంచినా, చక్రం సగటున 30 చుట్లు తిరిగాక గాని ఘర్షణ పెరగడం మొదలుకాలేదు. పూర్వపు విలువకు రావడానికి మరో 20 చుట్లు పట్టింది.

28 అంగుళాల చక్రం ఒక చుట్టుకు 2.2 మీటర్లు పోతుంది. ముప్పై చుట్లంటే 66 మీటర్లు! మన లెక్కలో ఘర్షణను సరిగ్గా పదోవంతు చేస్తే సైకిలు ఆగే దూరం 4 మీటర్ల నుంచి 42 మీటర్లకు పెరుగుతుంది. అంటే రిమ్ము ఆరేదాకా ఆగే అవకాశం కూడా లేదు. ఆ జారుడు రిమ్ముతోనే ఎలాగో ఆగాలి, లేదా కాళ్ళు నేలకు తాటించాలి. పాత సైకిళ్ళ మీద తిరిగినవారి చెప్పుల మడమలు ఎందుకు అరిగేవో ఇప్పుడు అర్థమైందా?

రిమ్మును బ్రేకు పట్టుకోవడం మొదట్లో లేదు. 1860లలో పారిస్‌లో మిషో కుటుంబం తయారుచేసిన సైకిళ్ళకు హ్యాండిలును మెలితిప్పితే తాడు లాగి వెనక చక్రానికి ఒత్తుకునే చెంచా లాంటి బ్రేకు ఉండేది. తర్వాత వచ్చిన ఎత్తైన ముందు చక్రపు సైకిళ్ళలోనూ చెంచా బ్రేకే. గట్టిగా నొక్కితే మనిషి హ్యాండిలు మీదుగా తలకిందులయ్యేవాడు. 1885లో జాన్ కెంప్ స్టార్లీ రెండు చక్రాలూ దాదాపు సమానంగా ఉన్న 'రోవర్' సైకిలును తెచ్చాడు. 1888లో డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. గాలి టైరు సుఖమిచ్చింది గాని చెంచా రాపిడికి త్వరగా అరిగిపోయేది. అందుకని బ్రేకు టైరును వదిలి రిమ్ము మీదికి మారింది. కుదుపు తగ్గించడానికి వచ్చిన టైరు, బ్రేకు చోటునే మార్చేసిందన్నమాట!

రిమ్మును పట్టుకునే దారులు రెండు కనిపించాయి. 1896లో ఎర్నెస్ట్ బౌడెన్ పేటెంటు పొందిన తీగె ఒకటి. గొట్టం లాంటి తొడుగులో ఉక్కు తీగె కదిలే ఏర్పాటు అది. నేటికీ బ్రేకు కేబులంటే అదే. రెండోది కడ్డీ బ్రేకు. హ్యాండిలు కింది మీటను ఎత్తితే కడ్డీలు లాగి రెండు రబ్బరు దిమ్మలను రిమ్ము లోపలి వైపుకు, అంటే పుల్లలు బిగించిన వైపుకు, ఒత్తుతాయి. మన తాతలు తొక్కిన నల్ల సైకిలు బ్రేకు ఇదే.

ఆ నల్ల సైకిలును తక్కువ చేసి మాట్లాడటం నాకిష్టం లేదు. జంషెడ్‌పూర్‌లో టాటా ఉక్కు కర్మాగారం 1911-12లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 1912లోనే ఎనిమిది గంటల పనిదినం వచ్చింది. రోజును మూడు షిఫ్టులుగా పంచితే రోజుకు మూడుసార్లు ఊరంతా కదలాలి. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి పనికి వెళ్ళి అక్కడే స్థిరపడ్డ తెలుగువారు ఆ నగరంలో చాలామంది. బిష్టుపూర్‌లో వారి రామమందిరం ఉంది. 1945లో టెల్కో వచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో ఆ లారీలకు విడిభాగాలు, పోతపనులు చేసే చిన్న, మధ్యతరహా ఫ్యాక్టరీలు నది దాటి ఆదిత్యపూర్‌లో వందలుగా పెరిగాయి. 1960లో ప్రాంతీయ సాంకేతిక విద్యాసంస్థ కూడా ఆదిత్యపూర్‌లోనే వెలసింది. 2002 నుంచి అదే ఎన్.ఐ.టి. కార్మికుడికీ, విద్యార్థికీ అందుబాటులో ఉన్న బండి సైకిలు.

అసన్‌సోల్‌లో సెన్-ర్యాలీ, మద్రాసు దగ్గర అంబత్తూరులో టి.ఐ., సోనీపత్‌లో అట్లాస్, లుధియానాలో హీరో - స్వాతంత్ర్యం వచ్చాక దేశంలో పెద్దఎత్తున సైకిళ్ళు చేసిన ఈ సంస్థలన్నీ ఎక్కువగా అమ్మింది ఒకే రకం నల్ల సైకిలును. కడ్డీ తుప్పు పట్టినా తెగదు. వంగితే చెట్టు కింది మెకానిక్కు శ్రావణంతో సరిచేస్తాడు. ఉక్కు రిమ్ము గుంతల్లో పడినా, క్యారియర్ మీద బియ్యం మూట వేసినా తట్టుకుంటుంది. కాబట్టి అది మొండితనంతో నిలిచిన పాత వస్తువు కాదు, బాగుచేసుకోగల వస్తువు. దాని లోపం ఒక్కటే, తడి. తుప్పు రాకుండా వేసిన క్రోమియం పూత అద్దంలా నున్నగా ఉండి నీటి పొరను రబ్బరు కింద అలాగే నిలుపుతుంది. కొన్నిచోట్ల రబ్బరు మీద తోలు ముక్క అంటించి చూశారు. కొంత మేలు జరిగింది.

ఇక డిస్కు కథకు వద్దాం. ఇది సైకిలుతో మొదలు కాలేదు. 1902లో బర్మింగ్‌హామ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ మోటారు కారు చక్రంతోపాటు తిరిగే లోహపు బిళ్ళను ఇరువైపులా పట్టుకునే బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. ఆయన వాడిన రాగి ప్యాడ్లు భరించలేనంత కీచుమనేవి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఈ పద్ధతి విమాన చక్రాల్లో రాటుదేలింది. 1953లో డిస్కు బ్రేకులున్న జాగ్వార్ కారు లె మాన్ 24 గంటల పందెం గెలిచింది. 1955లో సిట్రోయెన్ డి.ఎస్. కారుకూ, 1969లో హోండా సి.బి. 750 మోటారు సైకిలుకూ డిస్కు వచ్చింది. 1970లలో షిమానో వంటి సంస్థలు సైకిలుకు కూడా డిస్కులు చేశాయి. కొనేవారు పెద్దగా లేరు.

ఎందుకు లేరు? ఇంజనీర్ల వాదనలో బలం ఉంది. ఆలోచించండి, రిమ్ము కూడా ఒక పెద్ద డిస్కే కదా! రిమ్ము వ్యాసార్ధం దాదాపు 32 సెంటీమీటర్లు. సైకిళ్ళకు సాధారణంగా వాడే 160 మిల్లీమీటర్ల డిస్కు వ్యాసార్ధం 8 సెంటీమీటర్లు. బలభ్రామకం, అంటే తిరగనివ్వకుండా ఆపే శక్తి, బలాన్ని వ్యాసార్ధంతో గుణిస్తే వస్తుంది. అదే బలభ్రామకం రావాలంటే డిస్కు దగ్గర నాలుగు రెట్ల ఘర్షణ బలం కావాలి. ఉచితంగా ఉన్న పెద్ద డిస్కును వదిలి చిన్నదాన్ని కొనడం తెలివితక్కువ అనిపించదా?

అసలు కిటుకు ఇక్కడే ఉంది. నాలుగు రెట్ల బలాన్ని చిన్న ప్యాడ్ల మీద పెడితే పీడనం చాలా పెరుగుతుంది. ఆ పీడనానికి నీటి పొర నిలవలేదు. డిస్కుకున్న రంధ్రాల గుండా మిగిలిన నీరు కూడా పోతుంది. ప్యాడుకూ డిస్కుకూ మధ్య సందు ఒక మిల్లీమీటరులో కొద్ది భాగమే కాబట్టి చెమ్మ ఎక్కువ చేరదు. పైగా డిస్కు ఇరుసు దగ్గర, బురదకు దూరంగా తిరుగుతుంది. రిమ్ముకు పనికిరాని గట్టి ప్యాడ్లను ఇక్కడ వాడవచ్చు. పొడిలో నష్టంగా కనిపించిన చిన్న వ్యాసార్ధమే తడిలో లాభంగా మారింది!

ఈ లాభం మొదట ఎవరి చేతికి అందిందో తెలుసా? వానలో షిఫ్టుకు పోయేవారికి కాదు. 1976లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్ళు పాత సైకిళ్ళ మీద కొండ దిగే పందెం పెట్టుకున్నారు. వెనక్కి తొక్కితే పట్టుకునే వారి హబ్బు బ్రేకులు ఎంత వేడెక్కేవంటే లోపలి గ్రీజు ఆవిరైపోయేది. ప్రతిసారీ హబ్బులో మళ్ళీ గ్రీజు కూరాల్సి వచ్చేది. అందుకే ఆ పందానికి 'రీప్యాక్' అని పేరు. ఆ సరదాలోంచి మౌంటెన్ బైకు పుట్టింది. బురదలో, వంకరపోయిన రిమ్ముతో కూడా ఆగాలన్న వారి పట్టుదల వల్లనే 1990లలో సైకిలు డిస్కులు కుదుటపడ్డాయి. వృత్తి పందేల వారు మాత్రం చాలాకాలం వద్దన్నారు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య రోడ్డు పందేలలో డిస్కును పూర్తిగా అనుమతించింది 2018లో.

మన దేశంలో డిస్కు అనే మాట మోటారు సైకిళ్ళతో వ్యాపించింది. 1999లో వచ్చిన హీరో హోండా సి.బి.జెడ్. ముందు చక్రాన్ని చాలామంది కుర్రాళ్ళు నిలబడి చూసేవారు. 2010ల దశకంలో లావు టైర్లున్న చవక సైకిళ్ళకూ డిస్కులు వచ్చాయి. 2015లో హీరో సైకిల్స్ ఫైర్‌ఫాక్స్‌ను కొన్నది. టాటా సంస్థల్లోని స్ట్రైడర్ కూడా ఇలాంటివి అమ్ముతున్నది. ఇప్పుడు పదివేల రూపాయలకు అటూ ఇటూగా, కేబులుతో పనిచేసే డిస్కు బ్రేకుల సైకిలు దొరుకుతుంది. అదే ఆదిత్యపూర్ షిఫ్టు గేటుకు డిస్కు చేరిన వేళ.

కొనేముందు ఒక మాట. చవక సైకిలు మీద డిస్కు కొంతవరకు అలంకారం. ఉక్కు రిమ్ము నుంచి అల్యూమినియం రిమ్ముకు మారడంతోనే తడి బెడద చాలావరకు తగ్గుతుంది. అల్యూమినియం రిమ్ము, 1996లో షిమానో తెచ్చిన పొడవాటి చేతుల వి-బ్రేకు మంచివి దొరికితే, నాసిరకం డిస్కు కంటే నేను వాటినే ఎంచుకుంటాను. డిస్కు తన విలువ నిలబెట్టుకునేది నీళ్ళు నిలిచిన రోడ్లలో, బురదలో, గుంతల్లో పడి రిమ్ము వంకరైనప్పుడు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆదిత్యపూర్‌లో ఇవన్నీ ఉంటాయి. మంచుదేశాలలో చదువుకోవడానికి వెళ్ళేవారికి మరో లాభం. అక్కడ రిమ్ము మీద మంచు గడ్డకట్టినా డిస్కు దాదాపు శుభ్రంగానే ఉంటుంది.

డిస్కు సైకిలు కొంటే కొన్ని చూడండి. చవక రకాల్లో చాలావాటికి ఒక ప్యాడే కదులుతుంది, రెండోది నిలిచి ఉంటుంది. ప్యాడ్లు అరిగేకొద్దీ రెండు వైపులా సందు సరిచేయాలి. ఆపే బలమంతా హబ్బు నుంచి పుల్లల గుండా టైరుకు చేరుతుంది కాబట్టి పుల్లలు ఒకదానినొకటి దాటుతూ అల్లి ఉండాలి. ఒక్క పుల్ల వదులైనా బిగించండి. చైనుకు నూనె వేసేటప్పుడు ఒక్క చుక్క డిస్కు మీద పడితే చాలు, ప్యాడ్లు నూనె పీల్చుకొని వందేళ్ళు వెనక్కి పోతాయి. ఇంకొకటి. బ్రేకు ఎంత గొప్పదైనా చివరికి రోడ్డును పట్టుకునేది టైరే. నున్నగా అరిగిన టైరుతో తడి మలుపులో డిస్కు నొక్కితే చక్రం ఆగుతుంది, మీరు ఆగరు.

ఈ పరీక్షను ఇంట్లో మీరూ చేయవచ్చు. రిమ్ము బ్రేకున్న సైకిలును తలకిందులుగా నిలబెట్టి, వెనక చక్రాన్ని పెడలుతో నిదానంగా తిప్పమని మీ స్నేహితుడితో చెప్పండి. వేళ్ళు పుల్లలకు, చైనుకు దూరంగా ఉంచాలి. మీరు బ్రేకును రెండు వేళ్ళతో ఒకే బలంతో నొక్కి ఉంచండి. మొదట పొడి రిమ్ముతో పెడలు ఎంత బరువుగా ఉందో అతన్ని గమనించమనండి. తర్వాత రిమ్ము చుట్టూ చెంబెడు నీళ్ళు పోసి మళ్ళీ చేయండి. టైరు వాల్వు మీ ముందు నుంచి ఎన్నిసార్లు దాటాక పెడలు మళ్ళీ బరువెక్కిందో లెక్కపెట్టి రాసుకోండి. ఉక్కు రిమ్ముకు ఒకసారి, అల్యూమినియం రిమ్ముకు ఒకసారి.